తెగిన చోటే ఊట: హోలీవెల్ ఊటబావి ఐతిహ్యం, స్వస్థతా సంప్రదాయం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వేల్స్ దేశపు ఈశాన్య భాగాన, ఫ్లింట్‌షైర్‌లోని హోలీవెల్ పట్టణంలో ఉన్న సెయింట్ వినిఫ్రెడ్ ఊటబావి బ్రిటన్‌లోని క్రైస్తవ పుణ్యజలస్థానాలలో ప్రసిద్ధమైనది. శిరస్సు తెగిన కన్య మళ్ళీ బ్రతకడం, ఆ శిరస్సు పడిన చోట ఊట పుట్టడం దీని ఐతిహ్యం. ఈ ఐతిహ్యాన్ని పూర్వకాలపు శిరఃపూజకు అవశేషంగానో, మఠాల ప్రచారంగానో మాత్రమే చదివిన ధోరణులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 12వ శతాబ్దికి చెందిన రెండు లాటిన్ జీవితచరిత్రలను, బావి వద్ద కొనసాగిన ఆచారాలను, 1917లో ఊట ఎండిపోయిన ఘటనను కలిపి చదివి, ఈ సంప్రదాయంలో ‘స్వస్థత’ అనే భావనకు ఉన్న ప్రత్యేకార్థాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. గాయం ఆనవాలు లేకుండా మాసిపోవడం ఇక్కడ స్వస్థత కాదు. తెగినది అతకడం, ఆ అతుకు కనిపిస్తూ ఉండడం స్వస్థత. ఈ విషయాన్ని స్పష్టం చేయడానికి రేణుక కథతో పరిమితమైన తులన కూడా చేయబడింది.

కీలకపదాలు: పుణ్యజలం, ఐతిహ్యం, స్థలపురాణం, స్వస్థత, వినిఫ్రెడ్, బైనో, రేణుక, అవశేషవాదం.

1. ఉపోద్ఘాతం

1917 జనవరి 5న హోలీవెల్ ఊటబావి ఎండిపోయింది. ఆ ప్రాంతపు సీసపు గనులలోని నీటిని బయటకు పంపడానికి తవ్వుతున్న సొరంగం భూగర్భ జలమార్గాన్ని ఛేదించడం ఇందుకు కారణం. పన్నెండు వందల ఏండ్లకు పైగా ఒక పునీతురాలి రక్తం నుండి పుట్టినదిగా జనం నమ్మిన ఊట ఒక్కరోజులో ఆగిపోయింది. అదే సంవత్సరంలో మరొక భూగర్భ మార్గం నుండి నీటిని మళ్ళించి బావిని మళ్ళీ నింపారు. యాత్ర ఆగలేదు. నేటికీ యాత్రికులు ఆ నీటిలోనే మునుగుతున్నారు, ఆ నీటినే సీసాలలో ఇంటికి తీసుకుపోతున్నారు.

ఈ ఘటన పరిశోధకుని ముందు ఒక ప్రశ్నను నిలుపుతుంది. పుణ్యజలం మహిమకు ఆధారం దాని పుట్టుక అయితే, పుట్టుక మారిన నీరు పుణ్యజలం ఎలా అవుతుంది? భక్తుడు ఈ ప్రశ్న వేసుకోకపోవచ్చు. హేతువాది దీనినే చివరి మాటగా భావించవచ్చు. సాహిత్య విమర్శకునికి మాత్రం ఇది ఐతిహ్యాన్ని మళ్ళీ మొదటి నుండి చదవమని చెప్పే ప్రశ్న.

ముందుగా ఒక పదం గురించి చెప్పుకోవాలి. తెలుగులో ‘బావి’ అనగానే తవ్వి, ఒర కట్టి, చేదతో నీరు తోడుకునే కట్టడం మనస్సులో మెదులుతుంది. హోలీవెల్‌లోని జలస్థానం అటువంటిది కాదు. కొండవాలు నుండి దానంతట అదే పైకి ఉబికే నీటికి రాతి తొట్టి కట్టి, ఆపై మందిరం లేపారు. మన మహానంది కోనేరును చూసినవారికి ఎడతెగని ఊటతో నిండే ఆ జలాశయం రీతి సులభంగా బోధపడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ‘ఊటబావి’ అనే మాట వాడబడింది.

2. ఐతిహ్య స్వరూపం

కథాకాలం 7వ శతాబ్దం. వెల్ష్ భాషలో ఆమె పేరు గ్వెన్‌వ్రెవి; ఆంగ్లంలో వినిఫ్రెడ్. ఆమె కులీన కుటుంబపు కన్య. ఆమె మేనమామగా ప్రసిద్ధుడైన బైనో అనే సన్యాసి ఆ లోయలో చిన్న ప్రార్థనామందిరం కట్టుకొని ఉండేవాడు. వినిఫ్రెడ్ అతని ఉపదేశం విని దేవునికే జీవితాన్ని అర్పించుకోవాలని సంకల్పించింది. ఒక ఆదివారం తల్లిదండ్రులు ఆరాధనకు వెళ్ళగా ఆమె ఇంట ఒంటరిగా ఉంది. కరాడోగ్ అనే రాజవంశీకుడు వచ్చి ఆమెను కోరాడు. దుస్తులు మార్చుకొని వస్తానని చెప్పి ఆమె లోపలి గదిలోకి వెళ్ళి, అక్కడి నుండి తప్పించుకొని మందిరం వైపు పరుగెత్తింది. అతడు వెంటాడి కత్తితో ఆమె శిరస్సు ఖండించాడు. శిరస్సు వాలు మీదుగా దొర్లిపోయింది. అది ఆగిన చోట నేల చీలి నీరు పైకి చిమ్మింది. బైనో మందిరం నుండి వచ్చి శిరస్సును దేహానికి చేర్చి ప్రార్థించాడు. ఆమె లేచి కూర్చుంది. కరాడోగ్ మైనంలా కరిగిపోయాడని ఒక కథనం, భూమి అతన్ని మింగివేసిందని మరొక కథనం.

బైనో ఆ లోయను విడిచి వెళ్ళే ముందు చెప్పిన మూడు మాటలు ఆ తరువాతి స్వస్థతాచారాలన్నింటికీ మూలం. ఊటలోని రాళ్ళపై ఆమె రక్తపు మరకలు ఎప్పటికీ చెరగవు. ఆ చోట ముమ్మారు వేడుకొన్నవారికి కోరిక నెరవేరుతుంది. ఆమె ఏటేటా అతని కోసం ఒక అంగవస్త్రం నేసి ప్రవాహంలో విడిస్తే అది తడవకుండా అతనిని చేరుతుంది. తరువాత వినిఫ్రెడ్ గ్విథెరిన్ అనే చోట కన్యామఠానికి అధిపతియై, అక్కడే రెండవసారి, సహజంగా మరణించింది.

ఈ కథను చదివేటప్పుడు రెండు అంశాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, వినిఫ్రెడ్ నిష్క్రియురాలైన బాధితురాలు కాదు. ఆమె మాటతో అతనిని ఆపి, ఉపాయంతో తప్పించుకొని, కాళ్ళ బలంతో పరుగెత్తింది. ఆమె తిరస్కారమే కథను నడిపించింది. రెండవది, బ్రతికి లేచిన తరువాత కూడా ఆమె మెడ చుట్టూ సన్నని తెల్లని గీత మిగిలింది. ఆమె ప్రతిమలలో ఆ గీత కనిపిస్తుంది. బైనో ప్రార్థన ప్రాణాన్ని తిరిగి ఇచ్చింది కాని మచ్చను తుడిచివేయలేదు.

3. రెండు జీవితచరిత్రలు – రెండు దృష్టులు

వినిఫ్రెడ్ జీవించిందని చెప్పే కాలానికి, ఆమె కథ గ్రంథస్థమైన కాలానికి మధ్య సుమారు 500 ఏండ్ల వ్యవధి ఉంది. మనకు లభిస్తున్న రెండు లాటిన్ జీవితచరిత్రలూ 12వ శతాబ్దివి. ఒకదాని కర్త పేరు తెలియదు. రెండవది ష్రూస్‌బరీ మఠానికి చెందిన రాబర్ట్ రచన. అయితే ‘హాలివెల్’ అనే స్థలనామం 1093 నాటి దానపత్రం సందర్భంలోనే కనిపిస్తుంది. అంటే నీటి పవిత్రత ఈ గ్రంథాల కంటే ముందే ఊరికి పేరుగా స్థిరపడింది. గ్రంథం బావిని సృష్టించలేదు; బావి గ్రంథాన్ని రప్పించుకొంది. ఇది మన స్థలపురాణాల విషయంలోనూ తరచు గమనించదగిన క్రమమే.

అజ్ఞాతకర్త రచన దృష్టి ఊటబావి మీద నిలుస్తుంది. ఆ నీటి చుట్టూ జరిగిన అద్భుతాలకు, స్వస్థతలకు అందులో ప్రముఖస్థానం ఉంది. రాబర్ట్ రచన దృష్టి అస్థికల మీద నిలుస్తుంది. 1083లో స్థాపితమైన ష్రూస్‌బరీ మఠానికి సొంతమైన పునీతుల అవశేషాలు లేవు. మఠవాసి ఒకడు జబ్బుపడినప్పుడు వినిఫ్రెడ్ ఊట వద్ద పూజ జరిపితే నయమవుతుందని కలలో తెలిసిందని, అలా జరిపించగా అతడు కోలుకొన్నాడని, ఆ కృతజ్ఞతతో ఆమె దేహావశేషాలను వెతకడం మొదలుపెట్టారని రాబర్ట్ చెప్తాడు. ఆయన స్వయంగా గ్విథెరిన్ వెళ్ళి, అక్కడివారిని ఒప్పించి, 1138లో ఆ అస్థికలను ష్రూస్‌బరీకి చేర్చాడు.

రాబర్ట్ రచన ఈ విధంగా రెండు పనులు చేస్తుంది. ఒకవైపు అది భక్తిగ్రంథం. మరొకవైపు అది నార్మన్ల కాలపు ఆంగ్ల మఠం వెల్ష్ పునీతురాలి మీద తన హక్కును స్థిరపరచుకొనే పత్రం. స్వస్థత అనే అద్భుతమే ఆ హక్కుకు ఆధారంగా చూపబడింది. ఐతిహ్యం నిర్దోషంగా పుట్టి నిర్దోషంగా ప్రవహిస్తుందని భావించేవారు ఈ అంశాన్ని విస్మరించరాదు.

అదే రాబర్ట్ మనకు విలువైన నామవ్యుత్పత్తి ఒకటి అందించాడు. ఆమె మొదటి పేరు బ్రెవా అనీ, మెడ మీద తెల్లని గీత మిగిలినందువల్ల వెల్ష్‌లో తెలుపును సూచించే ‘వెన్’ అనే మాట దానికి ముందు చేరిందనీ ఆయన వివరణ. భాషాశాస్త్రపరంగా ఇది ఎంత నిలుస్తుందన్నది వేరే విషయం. ఐతిహ్యదృష్టిలో దీని అర్థం గంభీరమైనది: ఆమెకు లోకం పెట్టిన పేరు ఆమె మచ్చ నుండి వచ్చింది. పునీతురాలి నామాన్ని ఉచ్చరించిన ప్రతిసారీ భక్తుడు తెలియకుండానే ఆమె గాయాన్ని స్మరిస్తున్నాడు.

4. స్వస్థతాచారాలు

ఊటబావి వద్ద ఆచారాలు బైనో మాటలను అనుసరించి రూపొందాయి. యాత్రికుడు లోపలి తొట్టిలో ముమ్మారు నీటిని దాటుతూ మునుగుతాడు. తరువాత వెలుపలి కొలనులో ‘బైనో రాయి’గా పిలువబడే శిల మీద మోకరిల్లి ప్రార్థన ముగిస్తాడు. ముమ్మారు మునకకు ప్రాచీన జ్ఞానస్నాన విధితో సంబంధం ఉందని చెప్తారు. ‘ముమ్మారు వేడుకొంటే’ అన్న బైనో మాట ఆ విధికి కథారూపమైన సమర్థన. నీరు చాలా చల్లనిది. సౌఖ్యం కోసం చేసే స్నానం కాదది. శరీరాన్ని వణికించే వ్రతం.

నీటితోపాటు రాళ్ళకు, నాచుకు కూడా మహిమ ఆపాదించారు. రాళ్ళపై ఎర్రని మరకలు వినిఫ్రెడ్ రక్తమనీ, సువాసన గల నాచు ఆమె కేశాలనీ జనం నమ్మారు. హోలీవెల్ సమీపంలో 1726లో జన్మించిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు థామస్ పెన్నంట్ ఆ ఎరుపు ఒక సూక్ష్మమైన మొక్కజాతి వల్ల కలిగేదని గుర్తించాడు. నేటి శాస్త్రం దానిని ఒక శైవలంగా వర్గీకరిస్తుంది. ఈ వివరణ వచ్చిన తరువాత కూడా రాళ్ళపై గౌరవం తగ్గలేదు. ఎరుపునకు కారణం తెలియడం వేరు, ఎరుపు గుర్తుచేసే విషయం వేరు.

రాయి మహిమకు ప్రసిద్ధమైన సాక్ష్యం జెస్విట్ గురువు ఎడ్వర్డ్ ఓల్డ్‌కోర్న్‌ది. ఆయన గొంతులో పుండుతో బాధపడుతూ ఊటబావికి బయలుదేరాడు. దారిలో ఒక ఇంట భద్రపరచిన బావి రాయి వల్లనే ఆయనకు ఉపశమనం కలిగిందని ఆయన సహచరుడు జాన్ జెరార్డ్ రాశాడు. కాథలిక్కు గురువు దేశంలో ఉండడమే నేరమైన రోజులవి. ఓల్డ్‌కోర్న్‌ను 1606లో ఉరితీశారు. ఆ నేపథ్యంలో ఈ స్వస్థతాకథ ఒక వ్యక్తి ఆరోగ్యానికి మాత్రమే సంబంధించినది కాదు. బహిరంగంగా ఆరాధించే హక్కు కోల్పోయిన సమాజం తన దేవుడు తనను విడిచిపెట్టలేదని చెప్పుకొన్న కథ అది.

నయమైనవారు ఊతకర్రలను బావి వద్ద వదిలి వెళ్ళేవారు. ఆ ఊతకర్రలు అక్షరం రాని యాత్రికుని సాక్ష్యపత్రాలు. గుణదల మరియమాత కొండ మీద మొక్కులు చెల్లించుకొనే యాత్రికులను చూసినవారికి, కానుక కృతజ్ఞత మాత్రమే కాదనీ, తరువాత వచ్చేవారికి అందించే ధైర్యం కూడా అనీ తెలుసు.

5. కథనం నుండి సాక్ష్యానికి

ఈ స్వస్థతాకథల రచనారీతి కాలంతోపాటు మారింది. 12వ శతాబ్ది గ్రంథాలలో అద్భుతం జరిగిందని చెప్పడమే చాలు, శ్రోత నమ్ముతాడు. 17వ శతాబ్ది చివర సీలియా ఫీన్స్, 1774లో శామ్యూల్ జాన్సన్ వంటి సందర్శకులు వచ్చారు. వారు మునగడానికి కాదు, చూడడానికి వచ్చినవారు. ఫీన్స్ యాత్రికుల విశ్వాసాన్ని భ్రమగా భావించింది. జాన్సన్‌కు అందరూ చూస్తుండగా ఒక స్త్రీ స్నానం చేయడం సభ్యతకు విరుద్ధంగా తోచింది. భక్తుని శరీరం సందర్శకుని కంటికి దృశ్యంగా మారిన ఘట్టమిది.

సందేహించే లోకానికి సమాధానం చెప్పాల్సి వచ్చినప్పుడు స్వస్థతాకథ న్యాయస్థానపు భాషను స్వీకరించింది. 1805 జూన్ 28న వుల్వర్‌హాంప్టన్ నుండి వచ్చిన వినిఫ్రెడ్ వైట్ అనే పనిమనిషికి చాలాకాలపు వ్యాధి బావి స్నానంతో నయమైందని బిషప్ జాన్ మిల్నర్ ప్రకటించాడు. అందుకు ఆయన ప్రచురించినది కథ కాదు, సాక్షుల వాంగ్మూలాలతో కూడిన పత్రాల సంకలనం. ఆ పేదస్త్రీ పేరు పునీతురాలి పేరే కావడం యాదృచ్ఛికం కావచ్చు. కాని మధ్యయుగపు గ్రంథాలలో పేరు లేకుండా మిగిలిపోయే ఎందరో రోగుల వలె కాక, ఇక్కడ ఒక సామాన్యస్త్రీ తన పేరుతో, తన రోగవివరాలతో చరిత్రకెక్కింది.

1858 తరువాత ఫ్రాన్స్‌లోని లూర్దు స్వస్థతాక్షేత్రాలకు నమూనా అయింది. వైద్యుల పరీక్ష, ఊరేగింపులు, రైలు యాత్రలు ఆ నమూనాలో భాగాలు. 1890లలో హోలీవెల్ విచారణగురువు చార్ల్స్ బోక్లర్క్ ఊటబావిని ‘వేల్స్ లూర్దు’గా తీర్చిదిద్దడానికి కృషి చేశాడు. ఆ తరంగమే ప్రపంచమంతటా వ్యాపించి, 20వ శతాబ్దిలో లూర్దుమాత పేరిట గుణదల వరకు చేరింది. ఒక భేదం మాత్రం గమనించాలి. లూర్దులో ఊట మరియమాత దర్శనం వల్ల వెలువడింది. హోలీవెల్‌లో ఊట ఒక స్త్రీపై జరిగిన హింస వల్ల వెలువడింది. కొత్త నమూనా పాత ఊటబావికి యాత్రికులను తెచ్చింది. కాని లూర్దుతో పోలిక బలపడినకొద్దీ ఆ హింస కథనంలో వెనక్కు జరిగిపోయే అవకాశం కూడా ఏర్పడింది.

6. అవశేషవాదం – దాని పరిమితులు

పుణ్యబావుల అధ్యయనంలో చాలాకాలం అవశేషవాదం రాజ్యమేలింది. క్రైస్తవ పునీతుల పేర్లు పైపూతలనీ, లోపల ఉన్నది క్రైస్తవపూర్వపు జలదేవతారాధన అనీ ఆ వాదం. విక్టోరియన్ యుగపు జానపద విద్వాంసులు దీనిని విస్తృతంగా ప్రచారం చేశారు. ఆన్ రాస్ 1967లో ప్రచురించిన కెల్టిక్ మతగ్రంథంలో శిరఃపూజకు, బావులకు సంబంధాన్ని చర్చించింది. ఆ దృష్టిలో చూస్తే వినిఫ్రెడ్ శిరస్సు ప్రాచీన శిరఃపూజకు తరువాతి రూపం.

ఈ వాదానికి కొంత ఆధారం లేకపోలేదు. శిరస్సు తెగడం, ఊట పుట్టడం అనే కథాంశం వేల్స్‌లోనే మళ్ళీ కనిపిస్తుంది. 1346 నాటి రాతప్రతిలో లభించే వెల్ష్ బైనో చరిత్రలో, భర్త చేతిలో శిరస్సు కోల్పోయిన డిగివ్ అనే స్త్రీని కూడా బైనో బ్రతికించాడు; అక్కడా ఊట పుట్టింది. రోమ్‌లో పౌలు శిరస్సు నేలను మూడుచోట్ల తాకగా మూడు ఊటలు పుట్టాయన్న ఐతిహ్యమూ ఉంది. కాని ఈ రోమ్ ఉదాహరణే ఈ కథాంశం కెల్టిక్ జాతులకు మాత్రమే పరిమితం కాదని, క్రైస్తవ హతసాక్షుల సాహిత్యంలోనూ దానికి స్థానం ఉందని నిరూపిస్తున్నది. జేమ్స్ రాట్యూ వంటి తరువాతి పరిశోధకులు బావుల చరిత్రను బావుల వారీగా, ఆధారాల వారీగా పరిశీలించాల్సిన అవసరాన్ని గుర్తుచేశారు.

అవశేషవాదంలోని అసలు లోపం ఆధారాల కొరత కాదు, దృష్టిలోపం. అది కథలో ‘శిరస్సు’ను చూస్తుంది కాని ‘ఆమె’ను చూడదు. ఆమె ఎందుకు పరుగెత్తింది, ఎవరిని తిరస్కరించింది, ఎవరి చేతిలో హతమైంది అన్నవి ఆ వాదానికి అనవసరాలు. డిగివ్ కథతో కలిపి చదివినప్పుడు ఇది మరింత స్పష్టమవుతుంది. ఒకచోట కోరికను తిరస్కరించిన కన్య, మరొకచోట భర్త చేతిలో మోసపోయిన భార్య. రెండు కథలూ పురుషుని కత్తికి గురైన స్త్రీల గురించినవి. రెంటిలోనూ నేల వారి పక్షాన సాక్ష్యం పలికింది.

తెలుగు పరిశోధకులకు ఈ చర్చ పరాయిది కాదు. 1915లో డబ్ల్యు. టి. ఎల్మోర్, 1916లో హెన్రీ వైట్‌హెడ్ ప్రచురించిన గ్రంథాలు మన గ్రామదేవతలను ఇదే పద్ధతిలో, ఆర్యపూర్వపు అవశేషాలుగా చదివాయి. వారు సేకరించిన సమాచారం విలువైనదే. కాని అవశేషమని పేరుపెట్టిన క్షణాన, ఆ దేవతను నేడు పూజిస్తున్న స్త్రీ ఏమి కోరుతున్నదన్న ప్రశ్న వెనక్కు పోతుంది. హోలీవెల్ విషయంలో అవశేషవాదాన్ని ప్రశ్నించడమంటే మన అధ్యయనపద్ధతులను ప్రశ్నించుకోవడం కూడా.

7. రేణుక, వినిఫ్రెడ్: మచ్చ విలువ

శిరస్సు తెగి మళ్ళీ బ్రతికిన స్త్రీ అనగానే తెలుగువారికి రేణుక స్ఫురిస్తుంది. ఈ రెండు కథల మధ్య చారిత్రక సంబంధం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. భేదం వల్ల కలిగే వెలుగు కోసమే ఈ తులన.

వ్యాసభారతం వనపర్వంలో జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి శిరస్సు ఖండిస్తాడు. తండ్రి ప్రసన్నుడై వరాలు కోరుకొమ్మన్నప్పుడు తల్లి బ్రతకాలని కోరుతాడు. దానితోపాటు ఆ వధ స్మృతి మిగలకూడదని కూడా కోరుతాడు. ఇక్కడ స్వస్థత అంటే విస్మృతి. కుటుంబం మళ్ళీ ఒకటి కావాలంటే జరిగినది జరగనట్లు కావాలి. దక్షిణాది జానపద కథనాలు దీనిని అంగీకరించలేదు. ఎల్లమ్మ కథారూపాలలో రేణుక శిరస్సు మాతంగి దేహానికి, మాతంగి శిరస్సు రేణుక దేహానికి అతుకుతాయి. జరిగిన హింస రెండు దేహాల మీదా శాశ్వతంగా కనిపిస్తుంది. ఆ అతుకు నుండే కొత్త దైవత్వం పుట్టింది.

వినిఫ్రెడ్ ఐతిహ్యం ఈ జానపద దృష్టికి చేరువగా ఉంది. శిరస్సు తన దేహానికే చేరింది, ప్రాణం వచ్చింది, కాని తెల్లని గీత మిగిలింది. రాళ్ళపై ఎరుపు మిగిలింది. బైనో చెప్పిన మొదటి మాటే మరకలు చెరగవని. స్వస్థత ప్రసాదించే ఊట తన అడుగున రక్తపు గుర్తును దాచుకోకుండా చూపిస్తూనే ఉంది.

ఇక్కడ ఒక పరిమితిని కూడా చెప్పాలి. అతికే శక్తి బైనోది. వరాలు ప్రకటించే గొంతు బైనోది. వినిఫ్రెడ్ తన గాయం గురించి ఏమి తలచిందో గ్రంథకర్తలు చెప్పలేదు. ఆమె తిరస్కారాన్ని కన్యావ్రతం పేరిట మాత్రమే వారు గౌరవించారు. ఆ వ్రతం లేని స్త్రీ కాదన్నప్పుడు ఇదే గౌరవం దక్కేదా అన్న ప్రశ్నను నేటి పాఠకుడు వారికి వేయక తప్పదు.

8. తెగడం, అతకడం: సంప్రదాయ చరిత్ర

ఐతిహ్యంలోని ఈ క్రమమే ఊటబావి చరిత్రలోనూ కనిపిస్తుంది. 1416లో 5వ హెన్రీ రాజు ష్రూస్‌బరీ నుండి ఊటబావి వరకు కాలినడకన వెళ్ళాడని ఆడమ్ ఆఫ్ అస్క్ రాశాడు. అప్పటికి అస్థికలు ఒకచోట, నీరు మరొకచోట ఉన్నా, ఆ నడక రెంటినీ కలిపింది. మతసంస్కరణ కాలంలో ఆ బంధం తెగింది. 1540లో ష్రూస్‌బరీ మఠం రద్దయి, పునీతురాలి సమాధిమందిరం ధ్వంసమైంది. అంతకు ముందే ఊటబావిని సంరక్షించిన బేసింగ్‌వెర్క్ మఠం కూడా మూతపడింది. కాని ఎముకలను తొలగించినట్లు ఊటను తొలగించడం సాధ్యం కాలేదు. 17వ శతాబ్దిలో అధికారులు యాత్రికులను అడ్డుకోవడానికి ప్రయత్నించినా రాకపోకలు ఆగలేదు. కాథలిక్కు గురువులు ఊరిలోని ‘స్టార్’, ‘క్రాస్ కీస్’ అనే సత్రాలను ఆశ్రయంగా చేసుకొని యాత్రికులకు సేవ చేశారు. రెండవ జేమ్స్ రాజు పుత్రసంతానం కోరుతూ ఇక్కడికి వచ్చాడు. 1688లో పుట్టిన ఆ కుమారుడే రాజు సింహాసనం కోల్పోవడానికి ఒక కారణమయ్యాడు.

అదే నీరు బావి దాటగానే లోయలో యంత్రాలను తిప్పింది. 18వ శతాబ్ది చివర అక్కడ నూలు మిల్లులు, రాగి, ఇత్తడి కర్మాగారాలు వెలిశాయి. రాగి వ్యాపారి థామస్ విలియమ్స్ 1788లో పార్లమెంటుకు సమర్పించిన వినతిపత్రం ప్రకారం, అక్కడి ఉత్పత్తులలో బానిస వ్యాపారం సాగే ఆఫ్రికా తీరానికి ఉద్దేశించిన సరుకులు కూడా ఉన్నాయి. పైన గాయాలను మాన్పే నీరు, కొంతదూరం దిగువన ఇతరుల సంకెళ్ళ వ్యాపారానికి చక్రాలు తిప్పింది. పుణ్యజలాన్ని దాని లోకం నుండి వేరుచేసి చూసే భక్తిరచనలలో ఈ అంశానికి చోటు దొరకదు. రక్తపు మరకను దాచని ఐతిహ్యం పట్ల నిజాయితీ చూపాలంటే ఈ మరకనూ చెప్పాలి.

1917 ఘటన ఈ క్రమంలో చివరిది. పరిశ్రమే ఊటను తెంచింది. మరొక భూగర్భజలం దానిని అతికింది. ప్రవాహం మునుపటి ఉద్ధృతితో లేదు. నేటి నీరు పాత నీరు కాదన్న సంగతి దాచబడిన రహస్యమూ కాదు. ఆ నిజం యాత్రను ఆపలేదు. సంప్రదాయం నీటి రసాయనంలో లేదు, నీటి మార్గంలోనూ లేదు. ముమ్మారు మునిగే శరీరంలో, మోకరిల్లే రాతిలో, మచ్చ నుండి పుట్టిన పేరులో ఉంది. ఉపోద్ఘాతంలో వేసుకొన్న ప్రశ్నకు ఇది సమాధానం. ఊట కూడా పునీతురాలి వలె ఒకసారి తెగి, అతుకుతో బ్రతికింది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. హోలీవెల్ విషయంలో పుణ్యజలం గ్రంథం కంటే ముందుది. జీవితచరిత్రలు ఆ పవిత్రతను వివరించాయి; రాబర్ట్ రచన దానిని మఠం హక్కుగా కూడా మలచుకొంది.

2. స్వస్థతాకథ రచనారీతి అద్భుతకథనం నుండి వాంగ్మూలపత్రం వరకు మారింది. ఆ మార్పు వల్ల వినిఫ్రెడ్ వైట్ వంటి సామాన్యుల పేర్లు చరిత్రలో నిలిచాయి.

3. అవశేషవాదం కథలోని స్త్రీని, ఆమె తిరస్కారాన్ని, ఆమెపై హింసను కనుమరుగు చేసింది. గ్రామదేవతల అధ్యయనంలో మనకు సంక్రమించిన దృష్టిలోనూ ఇదే లోపం ఉంది.

4. ఈ సంప్రదాయంలో స్వస్థత అంటే గాయం విస్మృతి కాదు. తెగినది అతకడం, అతుకు కనిపిస్తూ ఉండడం. రేణుక కథ జానపద రూపాలు ఈ అవగాహనకు దగ్గరగా ఉన్నాయి.

ఊతకర్ర వదిలి నడిచివెళ్ళినవారు హోలీవెల్‌కు వచ్చిన వేలమందిలో కొందరే. మిగిలినవారు అదే ఊతకర్రతో ఇంటికి తిరిగి వెళ్ళారు. అయినా వారు మళ్ళీ వచ్చారు. మెడ మీద గీతతో నలుగురిలో తిరిగిన స్త్రీ తమ బాధను ఎరుగునన్న నమ్మకం వారిని మళ్ళీ రప్పించి ఉంటుంది. పుణ్యజలాల ఐతిహ్యాలను చదివేటప్పుడు నయమైనవారి లెక్కతోపాటు, నయం కాకున్నా తిరిగి వచ్చినవారి విశ్వాసాన్ని కూడా పరిశోధకులు పరిగణించాలి.